పందొమ్మిది పాయింట్ నాలుగు

నేను మనుషులను త్వరగా నమ్మను. ఇది గొప్పగా చెప్పుకునే గుణం కాదని మా ఇంట్లో వాళ్లు అంటారు. కానీ కామారెడ్డిలో సిరిసిల్ల రోడ్డు మీద ఇరవై రెండేళ్లుగా కాంటాలు, తేమ మిషన్లు రిపేరు చేసేవాడికి ఈ గుణం లేకపోతే కుదరదు. పాడైన మిషన్ పట్టుకొచ్చిన ప్రతివాడూ అది దానంతటదే ఆగిపోయిందంటాడు. విప్పి చూస్తే లోపల చాయ్ ఒలికిన మరక ఉంటుంది, లేదా కింద పడ్డ సొట్ట ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నెపం మాత్రం మిషన్ మీదికే పోతుంది. అందుకే ఎవరు ఏం చెప్పినా నేను సగమే వింటాను.

యాసంగి వడ్లు కోతకొచ్చిన రోజుల్లో ఒక బుధవారం పొద్దున్నే ఎల్లారెడ్డి నుంచి భూమక్క ఫోన్ చేసింది. అక్కడి మార్కెట్ యార్డులో మహిళా సంఘం ఒక వడ్ల కొనుగోలు సెంటర్ నడుపుతుంది. ఆ సంఘానికి ఆమె పెద్ద. అరవై ఏళ్ల మనిషి, యార్డు ఈ చివర నుంచి పిలిస్తే ఆ చివర హమాలీలు పలుకుతారు. అలాంటిది ఆ రోజు గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

సంగతి ఇది. సెంటర్‌లో తేమ చూసే పని సంఘం సభ్యురాలు రమది. వడ్లలో తేమ పదిహేడుకు మించితే తీసుకోరు, మళ్లీ ఆరబెట్టుకు రమ్మంటారు. ఆదివారం నాడు ముగ్గురు రైతులవి, మూడు ఊళ్ల వడ్లు, వరుసగా చూస్తే ముగ్గురికీ ఒకే అంకె వచ్చింది. పందొమ్మిది పాయింట్ నాలుగు. వాళ్లు వడ్లు తీసుకుపోయి రోడ్డు మీద ఆరబోసుకుంటే సోమవారం వాన దంచింది. వాళ్లలో హన్మండ్లు అనే రైతు కుప్ప అడుగున మొలకలొచ్చాయి. మంగళవారం రమ మరిది మహిపాల్ వడ్లు తెచ్చాడు. చేత్తో పట్టుకుంటేనే పచ్చిగా ఉన్నాయట. వాటికి మాత్రం పదిహేను పాయింట్ ఒకటి వచ్చి, తూకమై, లారీ ఎక్కాయి. సాయంత్రానికి మిల్లువాళ్లు ఆ లారీని వాపసు పంపారు.

"మిషన్ ఖరాబైందా, మనిషి ఖరాబైందా, నువ్వొచ్చి చెప్పు శైలేందర్. నువ్వెట్ల చెప్తే అట్ల చేస్తం. మిషన్ మంచిగుంటే రమను తీసేసుడే" అంది భూమక్క.

బండి మీద తాడ్వాయి దాటేసరికే నేను మనసులో తీర్పు రాసేశాను. ఒకే అంకె మూడుసార్లు రావడం, మరిది వడ్లకు తక్కువ రావడం, ఇంకేం కావాలి? రోడ్డుకు ఒక పక్కంతా వడ్లే, రెండో పక్క బండ్లకు సందు లేదు. రైతులు పారలతో తిరగేస్తూ మబ్బుల వైపు చూస్తున్నారు. వాళ్లను చూస్తుంటే రమ మీద కోపం ఇంకా పెరిగింది.

ఆ మిషన్ నాకు కొత్త కాదు. సీజన్‌కు ముందు నేనే సర్వీసింగ్ చేశాను. పెద్ద చెంబంత ఉంటుంది. అందులో గిన్నెడు వడ్లు పోసి మూత బిగించి మీట నొక్కితే తేమ కొలుస్తుంది. ఆ తర్వాత సెంటర్ ఫోన్‌లో రైతు పేరు ఎంచుకుని 'తీసుకో' అని నొక్కాలి. ఫోన్ బ్లూటూత్‌లో అడుగుతుంది, మిషన్ తాను చివరగా కొలిచిన అంకె చెబుతుంది, అది రైతు పేరు పక్కన పడిపోతుంది. ఫోన్‌లో పడ్డ అంకెను ఎవరూ దిద్దలేరు. మిషన్ మీద కూడా అంకె కనిపించాలి కానీ, అంతకుముందు ఒక హమాలీ చేతిలోంచి జారిపడి దాని చిన్న అద్దం పగిలింది. కొత్త అద్దం కోసం హైదరాబాద్ దాకా ఎవరు పోతారని, ఎలాగూ ఫోన్‌లో కనపడుతుంది కదా అని, నేను దాని మీద టేపు అంటించి పంపేశాను.

నేను వెళ్లేసరికి తొమ్మిదిన్నర. రేకుల షెడ్డు కింద రమ టేబుల్ ముందు కూర్చుని ఉంది. ముప్పై రెండు, ముప్పై మూడేళ్లుంటాయి. ఇంటర్ చదివింది. భర్త సంతోష్ దుబాయ్‌లో ఉంటాడు. చుట్టూ రైతులు మూగి ఉన్నారు కానీ ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు. నన్ను చూడగానే లేచి నిలబడి, "అన్నా, నేను ఒత్తంగనే అంకె వస్తది. మార్చేదానికి అండ్ల నాకేం లేదు" అంది. అడగకముందే సంజాయిషీ చెప్పుకునేవాళ్లంటే నాకు మరీ అనుమానం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకున్నాను.

షాపు నుంచి నా సొంత తేమ మిషన్ తెచ్చుకున్నాను. అయిదు కుప్పల నుంచి వడ్లు తీసి రెండింటిలోనూ చూశాను. ఫోన్ నా చేతిలోనే ఉంది. అయిదింటికీ రెండు మిషన్లూ ఒకే మాట చెప్పాయి. ఒకచోట పాయింట్ రెండు తేడా వచ్చింది, అది లెక్కలోకి రాదు. అంకె దిద్దే వీలు లేదు, మిషన్ బాగుంది. మరి మోసం ఎక్కడ జరిగి ఉంటుంది? గిన్నెలో పోసే వడ్లలో. రైతు కుప్పలోంచి తీసినట్టే తీసి, వేరే వడ్లు పోస్తే సరి.

టేబుల్ సొరుగు లాగాను. లోపల కవరులో గట్టిగా ముడివేసిన రెండు గుప్పెళ్ల వడ్లున్నాయి. బాగా ఆరినవి. అవేంటని అడిగితే రమ తడబడింది. ఆదివారం నుంచి తనకూ మిషన్ మీద అనుమానంగా ఉందట, రోజూ పొద్దున్నే అవే వడ్లు పోసి చూసుకుంటోందట. "పొద్దుగాల సరిగనే చూపెడ్తదన్నా. అందుకే నాకు సమజైతలేదు" అంది.

నేను ఆ కవరు పైకెత్తి అందరికీ కనపడేలా పట్టుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది కానీ, అప్పుడు నాకు చాలా తెలివైన పని చేసినట్టనిపించింది. "మిషన్ మంచిగుంది. మిగతాది మీరే అర్థం చేసుకోండ్రి" అన్నాను.

అప్పటిదాకా చేతులు కట్టుకుని ఉన్న హన్మండ్లు ముందుకొచ్చాడు. మొలకలొచ్చిన వడ్లు పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు. "మొగడు దుబాయిల ఉండె. ఇగ మరిది వడ్లు గాక మా వడ్లు పాసైతయా" అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు నలుగురికి అంటుకుంది. నేనూ నవ్వాను. ఆ సంగతి దాచిపెట్టి ఈ కథ చెప్పి లాభం లేదు.

రమ ఏడవలేదు, ఎదురు తిట్టలేదు. ఫోన్ భూమక్క చేతిలో పెట్టి, కొంగు నిండుగా కప్పుకుని యార్డు గేటు వైపు నడిచింది. నిజంగా తప్పు చేయనిదైతే ఒక్క మాటైనా అనదా అని నేను పక్కనున్నవాళ్లతో అన్నాను. వాళ్లు తలూపారు.

పన్నెండున్నరకు భూమక్క నాకు అన్నం పెట్టించింది. చల్ల పోసుకుని కడుపు నిండా తిన్నాను. నేను చెయ్యి కడుక్కునేసరికి భూమక్కే మిషన్ ముందు కూర్చుని ఉంది. వేరే మనిషి దొరికేదాకా తానే చూస్తానంది. దగ్గరుండి నేర్పమంది. ఒక రైతు వడ్లు గిన్నెలో పోశాం. ఫోన్‌లో అంకె వచ్చింది, పద్నాలుగు పాయింట్ రెండు. అంటే బాగా ఆరినట్టు.

భూమక్క నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికింది. ఎండిన వడ్లయితే పంటి కింద పటుక్కున విరుగుతాయి. "ఇవి మెత్తగున్నయి శైలేందర్. పద్దెనిమిదికి తక్కువుండవు" అంది. ముసలావిడ పళ్ల మాట వినేదేముందని నేను నా మిషన్‌లో పోసి చూశాను. పద్దెనిమిది పాయింట్ ఆరు.

ఆమె తప్పు మీట నొక్కి ఉంటుందనుకున్నాను. నేనే నొక్కాను. మళ్లీ పద్నాలుగు పాయింట్ రెండు. ఇంకో రైతు వడ్లు పోశాను. అదే పద్నాలుగు పాయింట్ రెండు.  కుర్చీలో రమ లేదు. సొరుగులో కవరు లేదు, అది నా జేబులోనే ఉంది.

పొద్దున బాగున్న మిషన్ మధ్యాహ్నానికి ఎలా చెడింది? ఎండ వేడికా? నేను బుర్ర గోక్కుంటుంటే భూమక్క మిషన్ ఆపేసింది. ఊరికే ఎందుకు కాలాలి, బ్యాటరీ దండగ అంది. సంఘం ఆడవాళ్లందరికీ ఆ అలవాటు ఉంది. గదిలోంచి బయటికొచ్చేటప్పుడు బల్బు ఆపినట్టు, ఒక్కో రైతు పని కాగానే మిషన్ ఆపేస్తారు. మళ్లీ అవసరమైతే వేస్తారు. అది ఆగి ఉందని తెలిసీ, ఏదో చిరాకులో, నేను ఫోన్‌లో 'తీసుకో' నొక్కాను.

అంకె వచ్చింది. పద్నాలుగు పాయింట్ రెండు.

ఆపేసిన మిషన్ జవాబు చెప్పదు. చెప్పిందంటే ఇంకేదో మిషన్ చెబుతోంది. నేను తలెత్తి చూశాను. అదే షెడ్డు కింద, ఇరవై అడుగుల దూరంలో, సహకార సొసైటీ వాళ్ల కొనుగోలు టేబుల్ ఉంది. దాని మీద వాళ్ల తేమ మిషన్ పచ్చ దీపం వెలుగుతూ ఉంది. దగ్గర ఎవరూ లేరు. ఆ మిషన్ చూసే సిద్దార్థ రోజూ ఒంటిగంటకు ఫోన్ జేబులో పెట్టుకుని అన్నానికి పోతాడట. మగవాళ్లు కదా, మిషన్ ఆపేసి పోవాలన్న ధ్యాస ఉండదు. ఆ టేబుల్ ముందు అవతల చెట్ల కింద ఉండేదని, ఎండకు తాళలేక శనివారమే ఇటు జరిపారని భూమక్క చెప్పింది.

నాకు అంతా తెలిసిపోయింది. సీజన్‌కు ముందు ఈ రెండు మిషన్లూ నా దగ్గరికి ఒకే వారంలో వచ్చాయి. రెండింటిలోనూ బ్లూటూత్ ముక్క పోయింది. ఒకే డబ్బాలోంచి రెండు కొత్త ముక్కలు తీసి వేశాను. అవి ఫ్యాక్టరీ నుంచి ఒకే పేరుతో, ఒకే నంబరుతో వస్తాయి. దేనికి దానికి పేరు మార్చడం మెకానిక్ పని. అయిదు నిమిషాలు పడుతుంది. ఆ రోజు షాపులో గిరాకీ ఎక్కువుంది. పేరులో ఏముందిలే అని మార్చలేదు. రెండు సెంటర్ల ఫోన్లలోనూ ఆ ఒక్క పేరే ఎక్కించి ఇచ్చాను.

మిషన్ ఆపిన ప్రతిసారీ ఫోన్‌కు దానితో సంబంధం తెగుతుంది. తెగగానే ఫోన్ ఆ పేరు కోసం వెతుకుతుంది. సిద్దార్థ ఫోన్ పక్కన ఉన్నంతసేపూ సొసైటీ మిషన్ దానికే కట్టుబడి ఉంటుంది. అతను అన్నానికి పోగానే అది ఖాళీ. రమ చేతిలోని సెంటర్ ఫోన్ వెళ్లి దాన్ని పట్టుకునేది. రమ ఇక్కడ వడ్లు పోస్తుంటే, అక్కడ చివరగా ఎవరి వడ్లు చూశారో ఆ అంకె వచ్చి ఇక్కడి రైతు పేరు పక్కన పడేది. ఆదివారం ముగ్గురూ, మంగళవారం మహిపాలూ ఏ వేళకు వచ్చారని భూమక్కను అడిగాను. నలుగురూ అన్నాలప్పుడే వచ్చారంది.

ఇక్కడ నా బుద్ధి గురించి చెప్పాలి. నిజం తెలిసిన మరుక్షణం నాకు రమ గుర్తుకు రాలేదు. నా షాపు గుర్తుకొచ్చింది. ఈ పేర్ల సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. సంచిలో ల్యాప్‌టాప్ ఉంది. గమ్మున రెండు పేర్లూ మార్చేసి, ఎండ వేడికి మిషన్ తికమకపడిందని చెప్పి వెళ్లిపోవచ్చు. రమ సంగతి రెండు రోజుల్లో అందరూ మరిచిపోతారు. ల్యాప్‌టాప్ బయటికి తీశాను కూడా.

రమ ఇప్పుడు ఎక్కడుందని మాత్రం భూమక్కను అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"ఇంటికాడ ఉన్నది. హన్మండ్లు అన్న మాట ఆమెకన్న ముందే ఇల్లు చేరింది. అత్త దుబాయికి ఫోన్ కొట్టిందట, వచ్చి నీ పెండ్లాం సంగతి ఏదో తేల్చుకొమ్మని" అంది భూమక్క. తర్వాత నా ముఖంలోకి చూసి, "మిషన్ మంచిగనే ఉన్నది కదా?" అంది.

నేను ల్యాప్‌టాప్ మూసేశాను. తప్పు నాదని చెప్పాను. ఒక్కసారి మొదలుపెట్టాక చెప్పడం సులువుగానే ఉంది. భూమక్కకు బ్లూటూత్ సంగతి ఎంత అర్థమైందో కానీ, ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరిని పిలిస్తే ఇంకొకరు పలికారన్న మాట అర్థమైంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చెప్పులేసుకుని ముందు నడిచింది.

రమ ఇల్లు యార్డుకు దగ్గరే. వాళ్ల అత్త గడప దగ్గర కూర్చుని ఉంది, మమ్మల్ని చూసి పక్కకు కూడా జరగలేదు. రమ లోపల నిలబడి విన్నది.  "మూడు దినాల సంది పొద్దుగాల ఆ వడ్లు పోసి చూస్తున్న. సరిగనే వస్తుండె. నా చెయ్యే తప్పు పడుతుందేమో అనుకున్న. నాకు నా మీదనే అనుమానం వచ్చిందన్నా" అంది.

నేను జేబులోంచి కవరు తీసి ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"నువ్వు గా మాట యార్డుల అన్నవు. మాఫీ ఇంటికాడ అడిగితె ఎట్ల?" అంది. చెప్పులేసుకుంది. ఈసారి కొంగు కప్పుకోలేదు.

యార్డుకు వెళ్లగానే సిద్దార్థ కనిపించాడు. భూమక్క కేక వేసేసరికి హమాలీలతో సహా అందరూ వచ్చారు. రమ తన సొంత ఫోన్ తీసి దుబాయ్‌కి వీడియో కాల్ కలిపింది. సంతోష్ ఏదో బిల్డింగు నీడలో హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఆమె ఫోన్ నా ముఖానికి ఎదురుగా పట్టుకుని, చెప్పమంది.

చెప్పాను. ముక్కల డబ్బా దగ్గర నుంచి హన్మండ్లు మాటకు నేను నవ్వడం దాకా ఏదీ వదలకుండా చెప్పాను. ఎవరూ నమ్మకపోతే ఎలాగని, రమ చూసే మిషన్ ఆపి, సొసైటీ మిషన్ వేసి ఉంచి, సిద్దార్థను ఫోన్‌తో సహా గేటు దాకా పంపి, అందరి ముందూ 'తీసుకో' నొక్కి చూపించాను. ఆగిన మిషన్ పేరు మీద అంకె వచ్చి పడింది. హన్మండ్లు పిడికిట్లోని వడ్లు కింద వదిలేశాడు. "నా నోరు పడిపోను. తప్పైంది చెల్లె" అన్నాడు. అతని కుప్ప మొలకలకు కూడా నేనే జవాబుదారీనని అతనికి ఇంకా తట్టలేదు. నాకు తట్టింది.

అమ్మకు తాను చెబుతానని ఫోన్‌లో సంతోష్ అన్నాడు.

"అమ్మకు తర్వాత చెప్పుదువు. గా మాట నువ్వు నమ్మినవా, లేదా?" అంది రమ.

నమ్మలేదని అతను అన్నాడు. కానీ ఆ మాట రావడానికి కాస్త ఆలస్యమైంది. ఆ ఆలస్యం నెట్‌వర్క్‌దో అతనిదో నాకు తెలియదు. రమకు తెలుసేమో. సరేనని ఫోన్ పెట్టేసింది.

అప్పటికి యార్డులో గాలి మారింది. జనం నా వంక చూసే చూపు మారింది. తమ ఊరి కాంటా కూడా ఇతనే రిపేరు చేశాడు కదా అని ఒకరన్నారు. వాళ్ల పాల సెంటర్ మిషన్ కూడా అంతేనని ఇంకొకరు అందుకున్నారు. నేను కావాలనే సొసైటీతో కుమ్మక్కయ్యానేమోనని వెనక నుంచి ఎవరో గొణిగారు. కాదని నేనెంత గట్టిగా చెబితే అంత అనుమానంగా చూశారు. భూమక్క కూడా నిజామాబాద్ నుంచి వేరే మెకానిక్‌ను పిలిపిద్దామంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె స్థానంలో నేనుంటే అదే అనేవాడిని.

వద్దని చెప్పింది రమే.

"ఈయననే చెయ్యనీ అక్కా. ఏం చేసిండో ఈయనకే ఎరుక" అంది. తర్వాత కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చుంది. "నేను ఈడనే కూసోని చూస్తా. ఏం విప్పుతున్నవో, ఏం మారుస్తున్నవో చెప్పుకుంట చెయ్యి."

ఆమె గొంతులో కోపం లేదు, దయ కూడా లేదు. నేను మిషన్ బోర్లించి మొదటి స్క్రూకు స్క్రూడ్రైవర్ ఆనించాను. అది స్క్రూ గాడిలో నిలవలేదు. రెండుసార్లు జారింది. ఇరవై రెండేళ్లలో ఇలాంటివి ఎన్ని వేల స్క్రూలు విప్పానో లెక్క లేదు. ఒక మనిషి పక్కన కూర్చుని అనుమానంగా చూస్తుంటే పని చేయడం ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. "ఇది పేరు మార్చేందుకు విప్పుతున్న చెల్లె" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

"ఊఁ, చెప్పు" అంది రమ.